తూకం వేసేవాడు ఎవరి మనిషి?

ఫజ్ర్ నమాజు ముగిసింది. తెల్లాపూర్‌లోని మా మద్రసా పిల్లలు ఇంకా కళ్లు నులుముకుంటూనే పాఠానికి కూర్చుంటున్నారు. మస్జిదు చివరి వరుసలో ఒక యువకుడు భుజానికి సంచితో, మెడలో ఉద్యోగపు గుర్తింపు కార్డుతో నా కోసం ఎదురుచూస్తున్నాడు. చిన్నతనంలో నా దగ్గరే నాజిరా పూర్తిచేసిన పిల్లవాడు. తరువాత డిగ్రీ చదివి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపున్న ఒక సంస్థలో రాత్రి షిఫ్టు ఉద్యోగంలో చేరాడని విన్నాను. కంపెనీ క్యాబు అతణ్ణి ఇంటి దగ్గర దింపాల్సింది. మస్జిదు ముందు దిగిపోయాడు.

"ఉస్తాద్, ఒక మస్‌అలా అడగాలి. నా జీతం హలాలేనా?"

ఈ ప్రాంతంలో ఇమాములకూ, ఉస్తాదులకూ ఈ ప్రశ్న కొత్త కాదు. నల్లగండ్ల నుంచి కొల్లూరు దాకా లేచిన అంతస్తుల్లో ఉండే మన పిల్లలు సంబంధం లేని పనులు చేయరు కదా. ఒకడు బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు, వడ్డీ లెక్కలున్న పని కదా అని భయపడతాడు. ఇంకొకడు మద్యం కూడా అమ్మే యాప్‌కు పనిచేస్తాడు. అటువంటి ప్రశ్నలకు పెద్దల ఫత్వాలు ఉన్నాయి, నా దగ్గరా కొంత జవాబు ఉంది. ఇతని ప్రశ్న వేరు.

అతని పని జనం పెట్టిన వీడియోలను చూడటం. ఒక సామాజిక మాధ్యమంలో ఎవరైనా ఫిర్యాదు చేసిన వీడియో అతని తెరపైకి వస్తుంది. తెలుగువీ, ఉర్దూవీ. కొన్ని క్షణాల్లో చూసి 'తొలగించు' అనో, 'ఉండనివ్వు' అనో నొక్కాలి. అందులో నగ్నత్వం ఉంటుంది, హత్యలు ఉంటాయి, పిల్లల్ని హింసించే దృశ్యాలు ఉంటాయి. "కళ్లు దించుకోమని మీరు నేర్పారు. నాకు జీతమే కళ్లెత్తి చూసినందుకు ఇస్తారు" అన్నాడు. అది అతని మొదటి బాధ. రెండోది ఇంకా లోతుగా ఉంది. ఒక సమూహాన్ని పురుగులతో, రోగాలతో పోల్చే వీడియోలను అతను మొన్నటిదాకా తొలగించేవాడు. పైనుంచి కొత్త సూచనలు వచ్చాయి. ఇప్పుడు వాటిలో కొన్ని రకాలను ఉండనివ్వాలి. కారణం చెప్పలేదు.

"ఆ వీడియో మన గురించే, ఉస్తాద్. ఉండనివ్వు అని నొక్కిన వేలు నాదే."

ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. ఈ వ్యాసంలో ఇకపై నేను పేర్కొనబోయే కంపెనీలలో అది లేదు. నేను ఆ ఉదయం అతనికి జవాబు చెప్పలేదు, వారం గడువు అడిగాను. ఆ వారంలో చదివిందీ, పెద్దలను అడిగి తెలుసుకున్నదీ ఇది.

మన ఊరికీ ఈ పనికీ ఉన్న సంబంధం నాకు మొదట తెలియదు. ఫేస్‌బుక్ భారతదేశంలో తన మొదటి కార్యాలయాన్ని 2010లో హైదరాబాదులోనే తెరిచింది. ఆ తరువాతి సంవత్సరాల్లో వడపోత పనిలో చాలా భాగం నేరుగా తన ఉద్యోగులతో కాక, కాంట్రాక్టు సంస్థలతో చేయించుకుంటూ వచ్చింది. 2019లో రాయిటర్స్ వార్తాసంస్థ హైదరాబాదులోని జెన్‌ప్యాక్ట్ సంస్థలో ఫేస్‌బుక్ కోసం ఈ పని చేసే కొందరితో మాట్లాడి ఒక కథనం రాసింది. ఎనిమిది గంటల షిఫ్టులో దాదాపు 2,000 పోస్టులు, అంటే నిమిషానికి నాలుగు చొప్పున చూడాల్సి వస్తోందని వాళ్లు చెప్పారు. ఆ అంచనాతో ఫేస్‌బుక్ ఏకీభవించలేదు. అదే సంవత్సరం మరో కథనం వచ్చింది. హైదరాబాదులోనే విప్రో తరఫున 260 మంది దాకా కాంట్రాక్టు ఉద్యోగులు, 2014 నుంచి జనం ఫేస్‌బుక్‌లో పెట్టుకున్న ఫొటోలనూ రాతలనూ ఒక్కొక్కటిగా చూసి వర్గీకరిస్తున్నారు. యంత్రానికి నేర్పడం కోసం ఆ పని. అంటే మనం బంధువుల కోసమని పెట్టుకున్న అఖీఖా విందు ఫొటోను మన పక్క వీధి కుర్రవాడే చూసి, దానికి ఒక చీటీ అంటించి ఉండవచ్చు.

ఈ పని మనసును గాయపరుస్తుందన్న మాట న్యాయస్థానం దాకా వెళ్లింది. 2020 మే నెలలో ఫేస్‌బుక్ అమెరికాలోని పరిశీలకులకు 5 కోట్ల 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. కాలిఫోర్నియా, ఆరిజోనా, టెక్సస్, ఫ్లోరిడా రాష్ట్రాల్లో పనిచేసిన 11,000 మందికి పైగా ఆ పరిహారం పరిధిలోకి వచ్చారు. అవే రకం దృశ్యాలు చూసిన హైదరాబాదు కళ్లు ఆ లెక్కలో లేవు. దీనిని నేను విచిత్రమని అనను, ఎందుకంటే పనిని దూరదేశాలకు పంపడంలో ఉన్న లాభాల్లో ఇదొకటి.

ఇక్కడితో ఆగితే ఇది కూలీ గురించిన వ్యాసం అయ్యేది. నా విద్యార్థి అడిగింది కూలీ గురించి కాదు. నిన్న తప్పు అన్నది నేడు ఒప్పు ఎలా అయింది, ఎవరు మార్చారు అన్నదే అతని ప్రశ్న. అది తెలుసుకోవాలంటే కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు వెళ్లాలి. ఆ పై అంతస్తులో కూడా చాలాకాలం ఒక హైదరాబాదు మనిషే ఉన్నారు.

విజయ గద్దె 1974లో హైదరాబాదులో పుట్టారు. మూడేళ్ల వయసులో తల్లితో అమెరికా చేరారు, తండ్రి అప్పటికే అక్కడ చదువుకుంటున్నారు. టెక్సస్ రాష్ట్రంలోని బోమాంట్ పట్టణంలో పెరిగారు. తండ్రి ఉద్యోగం పోయి, ఇంటింటికీ తిరిగి బీమా సొమ్ము వసూలు చేసే పనిలో చేరినప్పుడు, ఆ వాడల్లో తిరగడానికి నల్లజాతి వ్యతిరేక ముఠా అయిన కూ క్లక్స్ క్లాన్ స్థానిక నాయకుని అనుమతి తీసుకోవలసి వచ్చిందని ఆమె జీవితం గురించి రాసిన పత్రికలు పేర్కొన్నాయి. న్యాయశాస్త్రం చదవాలనే కోరికకు అటువంటి బాల్యం కారణమై ఉంటుంది. కార్నెల్‌లో, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో చదివి, 2011లో ట్విట్టర్‌లో చేరారు. తరువాత ఆ సంస్థ న్యాయ విభాగానికీ, విధానాలకీ, వాడుకరుల భద్రతకూ అధిపతి అయ్యారు. ఏది ఉండాలి, ఏది పోవాలి అనే నియమావళి ఆమె చేతుల మీదుగా నడిచేది.

ముస్లిం కుటుంబాలు ఆమె కాలంలోని ఒక తేదీని గుర్తుంచుకోవాలి. 2019 జూలై 9న ట్విట్టర్ ద్వేషపూరిత ప్రవర్తనకు సంబంధించిన తన నియమాన్ని విస్తరించింది. మతం ఆధారంగా ఒక సమూహాన్ని మనుషులే కాదన్నట్లు చిత్రించే భాషను నిషేధించింది. ఏ మతమైనా సరే. నా విద్యార్థి చెప్పిన పురుగుల పోలిక సరిగ్గా ఆ కోవలోకి వస్తుంది.

అలాగని ఆమె నిర్ణయాలన్నీ సరైనవని నేను చెప్పబోవడం లేదు. 2020 అక్టోబరులో అమెరికా ఎన్నికలకు ముందు, న్యూయార్క్ పోస్ట్ పత్రిక జో బైడెన్ కుమారుని గురించి ప్రచురించిన కథనాన్ని ట్విట్టర్‌లో ఎవరూ పంచుకోకుండా అడ్డుకున్నారు. రెండు రోజుల్లోనే విధానం మార్చారు. అది పొరపాటని 2023 ఫిబ్రవరి 8న అమెరికా ప్రతినిధుల సభా సంఘం ముందు ఆమె ఒప్పుకున్నారు. 2021 జనవరి 6న అమెరికా పార్లమెంటు భవనంపై దాడి జరిగింది, 8న డొనాల్డ్ ట్రంప్ ఖాతాను శాశ్వతంగా తొలగించారు. కొందరు దానిని ధైర్యమన్నారు, కొందరు అహంకారమన్నారు. ఒక దేశాధ్యక్షుణ్ణి ప్రజలు ఎన్నుకుంటారు, అతని గొంతును ఒక కంపెనీ ఉద్యోగులు మూసేస్తారు. ఆయనను ఇష్టపడని వాళ్లు కూడా కొందరు ఈ విషయంలో కలవరపడ్డారు. నాకూ ఆ కలవరం అర్థమవుతుంది.

తరువాత అంగడి అమ్ముడుపోయింది. ఎలాన్ మస్క్ 2022 ఏప్రిల్ 25న ట్విట్టర్‌ను 4,400 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం చేసుకున్నారు. ఆ మరునాడే న్యూయార్క్ పోస్ట్ ఉదంతం విషయంలో గద్దె నిర్ణయాన్ని బహిరంగంగా తప్పుపట్టారు. కొత్త యజమాని కాబోయేవాడు వేలు చూపగానే ఏం జరుగుతుందో ఊహించవచ్చు. జాతిని దూషించే మాటలు వరదలా ఆమె మీదికి వచ్చాయి, అదీ ఆమె కాపలా కాస్తున్న ఆ ట్విట్టర్‌లోనే.

జూలై 8న మస్క్ కొననని వెనక్కి తిరిగారు. నాలుగు రోజులకు, జూలై 12న, ఒప్పందం అమలు చేయించమని ట్విట్టర్ సంస్థ డెలావేర్ న్యాయస్థానంలో దావా వేసింది. న్యాయ విభాగం అధిపతి గద్దె. వాటాదారులకు దక్కవలసిన సొమ్ము దక్కేలా చూడటం ఆమె విధి. కనుక తనను తప్పుపట్టిన మనిషి చేతికి సంస్థ వెళ్లి తీరాలని వాదించిన పక్షానికి ఆమెదే సారథ్యం. అక్టోబరు 17న విచారణ మొదలవ్వాల్సి ఉండగా మస్క్ దిగివచ్చి, కొంటానన్నారు. అక్టోబరు 27న కొనుగోలు పూర్తయింది. అదే రోజు గద్దెతో పాటు ప్రధాన అధికారి పరాగ్ అగ్రవాల్‌నూ, ఆర్థిక అధికారి నెడ్ సెగల్‌నూ తొలగించారు. దావా ఫలించినందుకు ఉద్యోగం పోయింది. అమానతు అంటే ఇదే కావచ్చునని నా మనసులో ఒక క్షణం అనిపించింది. రావలసిన పరిహారం కోసం వాళ్లు 2024 మార్చిలో మళ్లీ న్యాయస్థానానికి వెళ్లారు. ఆ సంగతి ఇక్కడ మనకు ముఖ్యం కాదు.

మనకు కావలసింది తరువాతి కొన్ని వారాలు. నవంబరు 4న సిబ్బందిలో దాదాపు సగం మందిని తీసివేశారు. భారతదేశంలో ఉన్నవారిలో అత్యధికులు పోయారు. నవంబరు 19న ట్రంప్ ఖాతాను మళ్లీ తెరిచారు. ఏ ప్రమాణం ప్రకారం? ఒక రోజు జనాభిప్రాయ సేకరణ పెట్టి, 51.8 శాతం మంది సరే అన్నారు కనుక. డిసెంబరు 12న బయటి నిపుణులతో ఉన్న భద్రతా సలహా మండలిని రద్దు చేశారు. వాక్ స్వాతంత్ర్యం కోసమే కొన్నానన్న యజమాని, డిసెంబరు 15న తన గురించి రాసిన పలువురు విలేకరుల ఖాతాలను నిలిపివేశారు. అంగడి అదే, గుంపు అదే, సరుకు అదే. రాళ్లు మారాయి, తూకం మారింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే న్యాయం కాదు. 'వాళ్ల' చేతుల్లో ఉన్నందువల్లే ఇలా జరుగుతోంది, మనవాళ్ల డబ్బు ఉంటే మరోలా ఉండేదని మన సభల్లో వింటుంటాం. సౌదీ యువరాజు అల్వలీద్ బిన్ తలాల్‌కు ట్విట్టర్‌లో ఎంతోకాలంగా వాటా ఉంది. 2022 ఏప్రిల్‌లో మస్క్ చెప్పిన ధర చాలదని ఆయన తిరస్కరించారు. మే నెలకు మనసు మార్చుకుని, సుమారు 190 కోట్ల డాలర్ల విలువైన వాటాను కొత్త యాజమాన్యంలోకి మళ్లించారు. ఖతర్ ప్రభుత్వ నిధి నుంచి 37.5 కోట్ల డాలర్లు వచ్చాయి. కొనుగోలు పూర్తయ్యాక మస్క్ తరువాత పెద్ద వాటాదారు అల్వలీద్ పక్షమే. ఆ కారణంగా మన తల్లుల మీద, చెల్లెళ్ల మీద ఒక్క దూషణైనా తగ్గిందని ఎవరూ నాకు చెప్పలేదు.

దూరదేశపు సంగతులు చాలు. మన నగరంలోకి వద్దాం.

2020 ఆగస్టు 14న వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రికలో వచ్చిన కథనం మన గోషామహల్ నియోజకవర్గానికి సంబంధించింది. అక్కడి శాసనసభ్యుడు టి. రాజాసింగ్ పేరుతో ముస్లింల గురించి వచ్చిన పోస్టులు ద్వేష ప్రసంగ నియమాలను ఉల్లంఘించాయని ఫేస్‌బుక్ లోపలి ఉద్యోగులే తేల్చారు. ప్రమాదకర వ్యక్తుల జాబితా కింద ఆయనను నిషేధించాలన్నారు. భారతదేశంలో ఆ కంపెనీ విధాన వ్యవహారాలు చూసే అంఖీ దాస్, అధికార పక్షానికి చెందినవారిపై చర్య తీసుకుంటే దేశంలో వ్యాపారావకాశాలు దెబ్బతింటాయని అడ్డుపడ్డారని ఆ పత్రిక రాసింది. రాజకీయ పక్షపాతం లేదని ఫేస్‌బుక్ చెప్పింది. ఆ ఖాతాలను నడిపింది తాను కాదని రాజాసింగ్ అన్నారు. సెప్టెంబరు 2న పార్లమెంటు స్థాయీ సంఘం ఫేస్‌బుక్ భారత అధిపతిని పిలిచి ప్రశ్నించింది. 3న రాజాసింగ్‌పై నిషేధం వచ్చింది. అక్టోబరు 27న అంఖీ దాస్ సంస్థను వీడారు. సరిగ్గా రెండేళ్ల తరువాత అదే తేదీన గద్దె ఉద్యోగం పోయింది, అది కాకతాళీయం అనుకోండి.

ఈ రెండు కథల్లో మనుషులు వేరు, రాజకీయాలు వేరు. పోలిక ఒక్క చోటే ఉంది. ఒకచోట కొత్త యజమాని కోసం నియమం మారింది. రెండోచోట నియమం మారలేదు, యజమాని లాభం కోసం పక్కన పెట్టబడిందన్నది ఆరోపణ. నియమం రాసి ఉన్నా, దాన్ని అమలు చేసేవాడు వ్యాపారి కొలువులో ఉన్నాడు. ఫేస్‌బుక్‌లో మార్క్ జుకర్‌బర్గ్ వాటాలకు సాధారణ వాటాల కంటే పది రెట్ల ఓటు బలం ఉంది. కనుక ఆయనను కాదనగల వాటాదారు లేడు. 2025 జనవరి 7న ఆయన ఒక వీడియోలో మాట్లాడి, అమెరికాలో బయటి సంస్థలతో చేయించే నిజనిర్ధారణను ఆపేస్తున్నట్లు, కొన్ని అంశాలపై ఆంక్షలు సడలిస్తున్నట్లు ప్రకటించారు. ఒక మనిషి ఉదయం మనసు మార్చుకుంటే సాయంత్రానికి కోట్లమంది మాటలకు కొత్త హద్దు.

మా విద్యాలయాల్లో చదివిన పాత గ్రంథాల్లో దీనికి దగ్గరి విషయం ఒకటుంది. ముహ్‌తసిబ్ పదవి. అంగళ్లలో తూనికలనూ కొలతలనూ, కల్తీలనూ పరిశీలించే అధికారి. హిజ్రీ 450లో మరణించిన ఇమామ్ మావర్దీ పాలనా ధర్మాలపై రాసిన 'అల్ అహ్‌కామ్ అల్ సుల్తానియ్యా'లో ఈ పదవికి ప్రత్యేక అధ్యాయం ఉంది. మదీనా అంగడి పర్యవేక్షణను హజ్రత్ ఉమర్ (రజి) షిఫా బిన్తె అబ్దుల్లాహ్ (రజి) అనే విద్యావంతురాలికి అప్పగించారని కొందరు చరిత్రకారులు రాశారు. ముహ్‌తసిబ్ జీతం బైతుల్‌మాల్ నుంచి రావాలి. పప్పులు అమ్మే షావుకారు నుంచి కాదు. ఆయన బయటికి కనిపించే తప్పును ఆపాలి, తలుపుల వెనుక తొంగి చూడకూడదు. రాత్రి గస్తీలో గోడ ఎక్కి ఒక ఇంట్లో పాపాన్ని పట్టుకున్న ఉమర్ (రజి)ను, ఆ ఇంటివాడు ఎదురు నిలదీసిన ఉదంతం ఇమామ్ గజాలీ 'ఇహ్యా'లో ఉంది. నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారు, నిఘా పెట్టారు, ద్వారం గుండా రాలేదు, సలాము చెప్పలేదు అన్నది అతని వాదన సారం. ఖలీఫా ఒప్పుకుని వెనుదిరిగారు.

హదీసు విద్వాంసుల పద్ధతి మరొకటి. ఒక ఉల్లేఖకుడిని బలహీనుడని పక్కన పెడితే, ఆ మాట అన్నది ఎవరో, ఎందుకన్నారో పుస్తకంలో రాసి పెట్టారు. వెయ్యేళ్ల తరువాత మా తరగతిలో పన్నెండేళ్ల పిల్లవాడు కూడా ఆ కారణాన్ని తిరిగి తూచగలడు. నా విద్యార్థికి వచ్చిన కొత్త సూచనల్లో లేనిది సరిగ్గా అదే.

అయితే ముహ్‌తసిబ్‌ను నియమించేది పాలకుడు. పాలకుడి మనిషి పాలకుణ్ణి విమర్శించే మాటను కూడా కల్తీ సరుకు అంటే ఏం చేయాలి? ఈ భయం ఊహ కాదు. కేంద్ర ప్రభుత్వం తొలగించమన్న కొన్ని ఖాతాల విషయంలో ట్విట్టర్ 2022 జూలైలో, గద్దె ఉన్న రోజుల్లోనే, కర్ణాటక హైకోర్టుకు వెళ్లింది. 2023 జూన్ 30న ఆ పిటిషన్ కొట్టివేయబడింది, కంపెనీకి 50 లక్షల రూపాయల ఖర్చులు విధించారు. యాజమాన్యం మారి ఎక్స్ అయ్యాక, ప్రభుత్వ సహయోగ్ పోర్టల్ మీద వేసిన వ్యాజ్యం కూడా 2025 సెప్టెంబరు 24న అదే హైకోర్టులో వీగిపోయింది. 2020 జూన్ 29 సాయంత్రం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లు ఒక్క ఉత్తర్వుతో నిలిచిపోయిన సంగతి మన పిల్లలకు బాగా గుర్తు. వ్యాపారి ఒకవైపు, ప్రభుత్వం ఒకవైపు. మధ్యలో ఉండవలసిన మనిషి, ఇద్దరి జీతమూ తినని మనిషి, ఇంకా పుట్టలేదు. 2022 అక్టోబరు 28న, మస్క్ కొనుగోలు ముగిసిన మరునాడే, మన దేశంలో ఐటీ నిబంధనలను సవరించి అప్పీలు కమిటీలకు చోటు కల్పించారు. 2023 జనవరిలో అటువంటివి మూడు ఏర్పడ్డాయి. కంపెనీ ఫిర్యాదుల అధికారి ఇచ్చిన జవాబు నచ్చని సామాన్యుడు అక్కడికి వెళ్లవచ్చు. కానీ వాటిని నియమించేదీ ప్రభుత్వమే. లేనిదానికంటే మేలు, కనుక వాడుకోవాలి. మన ఆడపిల్లల ఫొటోలు దుర్వినియోగమైతే సిగ్గుతో ఇంట్లో దాచుకోకుండా మొదట ఆ మాధ్యమానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. దానితో పాటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఫిర్యాదు చేయకపోతే ఆ వీడియో నా విద్యార్థి తెర మీదికే రాకపోవచ్చు.

మరో సంగతి కూడా అతని వల్లే తెలిసింది. తన వద్దకు వచ్చే అబద్ధపు వీడియోల్లో మనవాళ్లు మనవాళ్లకు పంచుకున్నవీ తక్కువేమీ కావట. ఫలానా ఊళ్లో ఫలానా జరిగిందని, ఏళ్లనాటి మరో దేశపు దృశ్యాన్ని పెట్టి కన్నీళ్లు పెట్టించేవి. హజ్రత్ ఆయిషా (రజి)పై అపనింద మదీనాలో దాదాపు నెలరోజులు తిరిగింది. దాన్ని పుట్టించినవాళ్లు కొద్దిమంది, నోటి నుంచి నోటికి చేరవేసినవాళ్లలో మంచి ముస్లిములు కూడా ఉన్నారు. నూర్ సూరా వాళ్లను కూడా మందలించింది. మన కుటుంబ గ్రూపుల్లో ఆ సూరాను ఎంతమందిమి మనకు వర్తింపజేసుకుంటున్నామో ఆలోచించాలి. నేను కూడా ఒకసారి అటువంటి వీడియోను నలభై మందికి పంపి, తరువాత ఒక్కొక్కరికీ క్షమాపణ రాశాను. ఆ నలభై మంది ఎంతమందికి పంపారో లెక్క నా దగ్గర లేదు.

వారం తరువాత అతను వచ్చాడు. ఈలోగా నేను నగరంలోని ఒక వృద్ధ ముఫ్తీగారిని కలిసి అడిగాను. ఆయన చాలాసేపు విని, వైద్యుని ఉదాహరణ చెప్పారు. రోగి శరీరంలో చూడకూడని భాగాన్ని వైద్యుడు చూస్తాడు, అవసరం మేరకు, అవసరం ఉన్నంతసేపు. ఇతరుల కళ్లను కాపాడడానికి చూసే చూపు, ఆ నియ్యత్‌తో ఉంటే, అటువంటిదే. ఆ పనికి వచ్చే జీతం హలాలే. కానీ అవసరపు హద్దు దాటి మనసు చెడుతుంటే, నిద్ర పోతుంటే, ఆ ఉద్యోగంలో కొనసాగమని ఏ ధర్మమూ బలవంతపెట్టదు. తనకు హాని చేసుకోవడం కూడా నిషిద్ధమే.

"మరి ఉండనివ్వు అని నొక్కడం?" అన్నాడు.

దీని దగ్గర ముఫ్తీగారు కూడా కొంత తడబడ్డారని అతనికి దాచకుండా చెప్పాను. చెడును చూసినప్పుడు చేతితో ఆపడం, కుదరకపోతే నోటితో, అదీ కుదరకపోతే మనసులో అసహ్యించుకోవడం, ఈ మూడు మెట్లను దైవప్రవక్త (స) మనకు చూపారు. నీ చేతిని కంపెనీ కట్టేసింది బేటా, నోరు ఉందా లేదా చెప్పు అన్నాను. ఆలోచించి, తీర్పుపై అభ్యంతరం రాసే చిన్న గడి ఒకటి తెర మీద ఉంటుందని చెప్పాడు. ఎవరూ దాన్ని వాడరట. రాస్తే సమయం పోతుంది, రోజు లెక్క తగ్గుతుంది, లెక్క తగ్గితే జీతంలో ప్రోత్సాహకం తగ్గుతుంది.

"ప్రోత్సాహకం ఎంత?"

చెప్పాడు. పెద్ద మొత్తం కాదు. కానీ జహీరాబాదులో ఉన్న అమ్మకు అతను నెలనెలా పంపేది ఇంచుమించు అంతే. నేను ఏ మాటా అనలేదు. అనే హక్కు నాకు లేదనిపించింది.

అతనే అన్నాడు, "రాస్తాను ఉస్తాద్. రోజుకు ఒకటైనా."

ఇది జరిగి మూడు నెలలు. మొన్న మళ్లీ ఫజ్ర్ తరువాత వచ్చాడు. యాభైకి పైగా అభ్యంతరాలు రాశానన్నాడు. నాలుగింటిలో తీర్పు మార్చి వీడియో తీసేశారు. మిగతావాటికి జవాబు లేదు. ఇంకో ఉద్యోగానికి దరఖాస్తు చేశాడు, వాళ్లు ఇంగ్లీషులో ఇంటర్వ్యూ చేస్తామన్నారట, దువా చేయమన్నాడు. మాట్లాడుతూనే గోడకు ఆనుకుని నిద్రపోయాడు. నేను పిల్లల పాఠాన్ని ఆ పూటకు వరండాలోకి మార్చాను.